అంగడిలో ఒక వాసన, ఇంటికొచ్చాక మరొకటి

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: కొన్నప్పుడు అత్తరు బావుంది, తర్వాత మారిపోయింది. అందుకని మొదటి ఉత్తరానికి చోటు ఎక్కువ తీసుకుంటున్నాను, మిగతావాళ్లు సర్దుకోవాలి. కొత్తగా చదువుతున్నవాళ్లకు నా సంగతి రెండు ముక్కల్లో: హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఒక అత్తరు కొట్టులో మా నాన్న లెక్కలు రాసేవారు. పదో తరగతి తప్పి అదే కొట్టులో సీసాలు తుడవడానికి చేరాను. తర్వాత కౌంటరు వెనక 31 ఏళ్లు నిలబడ్డాను. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోక ఇంట్లో ఉంటున్నాను. డాక్టర్ని కాను, శాస్త్రవేత్తను కాను. ముక్కు మాత్రం ఇంకా పనిచేస్తోంది.

మేనకోడలి పెళ్లి బట్టలకని హైదరాబాద్ వచ్చి, చార్మినార్ దగ్గర ఒక కొట్టులో పది పన్నెండు రకాల అత్తర్లు చూశాను. ఒక గులాబీ అత్తరు చేతి మీద రాయగానే ప్రాణం లేచొచ్చింది. పావు తులం తీసుకున్నాను. ఇంటికొచ్చి రాసుకుంటే పొద్దున గులాబీ, సాయంత్రానికి మా అమ్మమ్మగారి బీరువా! నేను మోసపోయానా?
— ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

ముందు నాకో సంగతి చెప్పాలమ్మా. అమ్మమ్మగారి బీరువాలో ఏముండేవి? పట్టుచీరలు, వాటి మడతల్లో గంధపు చెక్కముక్కలేనా? అయితే మీరు మోసపోలేదు. పైగా ఈ రోజుల్లో తేలిగ్గా దొరకని సరుకు మీ చేతికొచ్చింది.

మన పాతకాలపు అత్తరంటే ఉత్త పూల నూనె కాదు. ఉత్తరప్రదేశ్‌లో కన్నౌజ్ అని ఊరుంది, అత్తర్లకు పుట్టిల్లు. అక్కడ డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా ప్రయాణం చేసి, నీళ్లతొట్టిలో కూర్చోబెట్టిన ఇంకో రాగి పాత్రలోకి దిగుతుంది. దాని పేరు భప్కా. ఆ భప్కాలో ముందే గంధం నూనె పోసి ఉంచుతారు. పువ్వు వాసనంతా వచ్చి ఆ గంధంలో ఇంకుతుంది. కాబట్టి గులాబీ అత్తరులో ఇంటి యజమాని గంధం. గులాబీ అద్దెకొచ్చినావిడ. పొద్దున వాకిట్లో కనిపించేది ఆవిడే, సాయంత్రం తలుపు తీసేది మాత్రం యజమాని.

ఇది ఉత్తినే చెప్పడం లేదు. నా దగ్గరొక పాత కిరాణా ఖాతా పుస్తకం ఉంది. కొట్టుకు కొత్త సరుకొచ్చినప్పుడల్లా ఒంటి మీద రాసుకుని, గంట గంటకూ ఎలా ఉందో అందులో రాసేవాణ్ని. గంధం మీద దించిన గులాబీకి ఒక మే నెలలో రాసుకున్న పేజీ ఇదిగో. ఎడమ మోచేతి మడతలో, సీసా మూత కాడతో ఒక్క గీత.

పొద్దున 10:10. నిమ్మాకు నలిపినట్టుంది. గులాబీ ఏదీ?
10:25. కొమ్మ విరిచిన పచ్చివాసన తగ్గింది. పువ్వు విచ్చింది. కొంచెం తేనె.
11:30. బ్రహ్మాండం. (గిరాకీ చెయ్యి చాపే వేళ ఇదే.)
1:15. అన్నం తిని చెయ్యి కడుక్కున్నా. పువ్వు వెనక్కి జరిగింది. కింద పాలు కాగుతున్న వాసన.
4:15. గులాబీ పక్కింట్లో పూసినట్టుంది. మన ఇంట్లో గంధం.
రాత్రి 9. గంధమే. మా ఆవిడ అడిగింది, ‘గుడికి వెళ్లొచ్చారా?’ అని.
మర్నాడు పొద్దున. చెయ్యి మీద ఏమీ లేదు. చొక్కా మోచేతి దగ్గర గంధం, ఒక్క పిసరు గులాబీ.

ఇంత తేడా ఎందుకంటే, ఒక నూనెలో వందల రకాల పదార్థాలుంటాయి, అన్నీ ఒకే వేగంతో ఎగిరిపోవు. నిమ్మ, నారింజ తీరువి నిమిషాల్లో పోతాయి. పూలవి గంటలు ఉంటాయి. గంధంలోని శాంటలాల్, వట్టివేరు, అగరు లాంటివి బరువు కాళ్లవాళ్లు, చివరిదాకా కదలవు. స్ప్రే సెంటులో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి మొదటి గుప్పు పెద్దదిగా లేస్తుంది. అత్తరులో ఆల్కహాల్ ఉండదు, అందుకని ఈ నడకంతా నెమ్మదిగా సాగుతుంది. కొట్టులో పదినిమిషాలు నిలబడి కొన్నవాళ్లు మొదటి పావు పేజీ చదివి పుస్తకం కొన్నట్టే.

ఇక మీ బీరువాలో గంధం కాకుండా, సాయంత్రానికి వాసనంతా పోయి చేతి మీద జిడ్డు మాత్రం మిగిలితే అది వేరే కథ. గంధం నూనె కిలో లక్ష రూపాయలు దాటేశాక చాలామంది దాని బదులు లిక్విడ్ పారాఫిన్, డీవోపీ అనే రసాయన నూనె వాడుతున్నారు. వాటికి తమదంటూ వాసన లేనట్టే. పైన వేసిన గులాబీ ఎగిరిపోగానే ఇల్లు ఖాళీ. ఒక కిలో అసలు గులాబీ నూనె తియ్యాలంటే మూడు నుంచి ఐదు వేల కిలోల పూలు కావాలి. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే, వంద రూపాయల సీసా మీద ‘అసలు సిసలు గులాబీ’ అని రాసున్నా గుండె వేగం పెరగదు. వంద రూపాయలది తప్పని నేననను. బావుంటే వాడుకోండి. పేరు మాత్రం నమ్మకండి.

మీరు చేసిన పొరపాటు ఒక్కటే, పది పన్నెండు చూడటం. నాలుగోదానికే ముక్కు అలిసిపోతుంది. మా కొట్టు యజమాని పెద్దసాబ్, గిరాకీ ఐదో సీసా అడిగితే ఇచ్చేవాడు కాదు. ‘చాయ్ తాగి రండి’ అని బయటికి పంపేవాడు. అమ్మకం పోతుందేమోనని నాకు దడగా ఉండేది. సగం మంది తిరిగొచ్చేవాళ్లు కాదు కూడా. కానీ వచ్చినవాళ్లు మళ్లీ పదేళ్లపాటు వచ్చేవాళ్లు.

ఈసారి వెళ్తే పొద్దున్నే, కొట్టు తీసిన వేళకు వెళ్లండి. బిర్యానీ తిన్నాక వద్దు. తలకు వాసన నూనె, ఒంటికి వాసన సబ్బు ఆ ఒక్కరోజుకు మానెయ్యండి. ముందు కాగితం మీద చూడండి. చాలా కొట్లలో కాగితం చీలికలు ఉండవు, మనమే మందపాటి డ్రాయింగు కాగితం వేలెడంత కత్తిరించి తీసుకెళ్లొచ్చు. తోక మీద పేరు పెన్సిలుతో రాయండి. పెన్నుతో రాస్తే సిరా వాసన అడ్డొస్తుంది. కాగితం మీద నచ్చని వాటికి అక్కడే దండం పెట్టి, మిగిలినవాటిలో రెండే రెండు, చేతికొకటి, రాయించుకోండి. మణికట్టు కన్నా మోచేతి మడత మేలు, మాటిమాటికీ కడగం కాబట్టి. రాసుకున్నాక రెండు చేతులూ కలిపి రుద్దకండి. రుద్దితే పరిమళం నలిగిపోతుందని కొందరంటారు, నలగడానికి అదేం పువ్వు కాదు. కాకపోతే ఆ వేడికి పైన తేలే వాసనలు తొందరగా పోతాయి, కుడిచేతిదీ ఎడమచేతిదీ కలిసిపోతాయి.

ఆ తర్వాత కొనకుండా బయటికి రండి. గాజులు చూడండి, బట్టలు చూడండి, రైలెక్కి ఊరికెళ్లిపోయినా సరే. సాయంత్రం మోచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు ఏది ఉందో, అదే మీకు రోజూ తోడుండేది. అది నచ్చితే ఫోన్ చేసి తెప్పించుకోండి.

నాకు 27 ఏళ్లు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను, నా రూమ్మేటు ఒకే సీసాలోంచి ఒకే అత్తరు రాసుకుంటాం. వాడిది సాయంత్రం దాకా ఉంటుంది, నాది గంటలో మాయం. నా చర్మం పీహెచ్ తేడా అని ఎవరో చెప్పారు. నిజమేనా?
— ఓ పాఠకుడు, హైదరాబాద్

బాబూ, పీహెచ్ అనే మాట నా కౌంటరు మీదికి వచ్చాక గిరాకీలు తమ చర్మాన్ని అనవసరంగా తిట్టుకోవడం మొదలుపెట్టారు. 31 ఏళ్లలో నేను చూసింది ఇంతకన్నా చాలా మామూలు సంగతి. జిడ్డు చర్మం అత్తరును పట్టుకుంటుంది, పొడి చర్మం వదిలేస్తుంది. నీ రూమ్మేటు నుదురు మధ్యాహ్నానికి మెరుస్తుందా? నీ పిక్కల మీద గోరుతో గీస్తే తెల్ల గీత పడుతుందా? రెండింటికీ ఔనంటే జవాబు దొరికినట్టే. దానికి తోడు రోజంతా ఏసీలో కూర్చుంటావు. ఏసీ గాలి ఒంట్లో తడి లాగేస్తుంది. విశాఖ ఉక్కపోతలో ఇదే అత్తరు ఇంకోలా నడుస్తుంది.

స్నానం చేశాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే, వాసన లేని మాయిశ్చరైజరో, పిసరంత వాసలీనో పూసి, దాని మీద అత్తరు గీత వెయ్యి. కొబ్బరినూనె వద్దు, దానిదే ఒక పెద్ద గొంతు. చెవి వెనక, మెడ పక్కన, ఛాతీ మీద రాస్తే ఒంటి వేడికి మెల్లగా లేస్తుంది. మా కొట్టుకొచ్చే పెద్దవాళ్లు చిన్న దూది ముక్కను అత్తరులో తడిపి చెవి మడతలో పెట్టుకునేవాళ్లు, దాన్ని ఫాయా అనేవాళ్లు. చర్మంతో పనే లేదు, దూది పట్టుకున్నంత కాలం పట్టుకుంటుంది. ఆఫీసులో బావుండదంటావా, చొక్కా జేబులో పెట్టుకో.

ఇంకొకటి కూడా అనుమానించు. అది మాయం కాలేదేమో, నీ ముక్కే దాన్ని పట్టించుకోవడం మానేసిందేమో. ఎప్పుడూ మన చుట్టూ ఉండే వాసనను మెదడు లెక్కలోంచి తీసేస్తుంది, మనిల్లు మనకు వాసన రానట్టే. పైగా సెంట్లలో వాడే కొన్ని కస్తూరి రసాయనాలు కొంతమంది ముక్కుకు అసలు అందవు. ఇదేం జబ్బు కాదు, పుట్టుకతో వచ్చేదే. గంట తర్వాత మరో చుక్క వేసుకునే ముందు రూమ్మేటునే అడుగు, ‘ఇంకా వస్తోందా?’ అని. ఆ పని చెయ్యకుండా మూడుసార్లు పూసుకుని లిఫ్ట్ ఎక్కినవాళ్ల పక్కన నేను నిలబడ్డాను.

మా ఇంట్లో పెద్ద తగాదా. మల్లె అత్తరు తెచ్చుకున్నాను, నాకు స్వర్గంలా ఉంది. మావారు మాత్రం కలరా ఉండల వాసన అంటున్నారు. ఎవరిది నిజం?
— ఓ పాఠకురాలు, విజయనగరం

ఇద్దరిదీనమ్మా. మల్లె, జాజి లాంటి తెల్లపూలలో ఇండోల్ అనే పదార్థం సహజంగా ఉంటుంది. చిటికెలో చిటికెడు ఉన్నంతసేపు పువ్వుకు ప్రాణం పోస్తుంది, మోతాదు మించితే కలరా ఉండలు, ఇంకా మించితే ఇక్కడ రాయలేని వాసన. సాయంత్రం తలలో తురుముకున్న మల్లెచెండు మర్నాడు పొద్దున దిండు మీద ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మీ వారి ముక్కు ఆ ఒక్క తీగను పట్టుకుంది, మీ ముక్కు పందిరి మొత్తం చూస్తోంది.

సీసా మూత తీసి నేరుగా ముక్కు దగ్గర పెట్టడం వల్ల కూడా ఇలా జరుగుతుంది. మీ చేతికి ఒకే చుక్క రాసుకుని, అరగంట ఆగి, మూరెడు దూరంలో ఆయన్ని కూర్చోబెట్టి అడగండి. అప్పటికీ కలరా ఉండలే అంటే, ఆయన ఊరెళ్లిన రోజుల్లో వాడుకోండి.

అత్తరు చుక్క నీళ్లలో వేస్తే మునగాలి, అప్పుడే అసలైనది అంటారు కదా?
— ఓ పాఠకుడు, ఖమ్మం

అనేవాళ్లు చాలామందే ఉన్నారు. అసలు గంధం నూనె నీళ్ల కన్నా ఒక వెంట్రుకవాసి తేలిక. ఇందాక చెప్పిన డీవోపీ కూడా అంతే తేలిక. ఈ పరీక్షలో దొంగా దొరా పక్కపక్కనే తేలుతారు. కాగితం మీద చుక్క వేసి వారం చూస్తే కొంత తెలుస్తుంది, వాసనంతా పోయాక నూనె మరక అలాగే నిలిచిపోతే కలిపిన నూనె మీద అనుమానపడొచ్చు. నిక్కచ్చిగా తేలాలంటే నూనెలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రమే చెప్పాలి. కన్నౌజ్‌లో 1991 నుంచి సుగంధాల కోసమే కేంద్ర ప్రభుత్వం పెట్టించిన సంస్థ ఒకటుంది, అలాంటి చోట పరీక్ష చేస్తారు. పావు తులం కోసం అంత దూరం ఎవరు పోతారు? మోచేతి మడతే మన యంత్రం.

యాత్రకు వెళ్లినప్పుడు ‘ఎర్రచందనం అత్తరు’ కొన్నాను. శేషాచలం చెట్లదని చెప్పారు. ఎంత పూసుకోవచ్చు?
— ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

ఎర్రచందనం చెక్కకు గంధం లాంటి పరిమళం లేదు బాబూ. దాని విలువంతా రంగులో, చెక్కలో ఉంది. చందనం అనే పేరు కలిసిందని పరిమళం కూడా కలుస్తుందనుకుంటారు. మీరు కొన్నదాంట్లో ఏముందో సీసా అమ్మినవాడికే తెలియాలి. ఒంటికి పూసే ముందు కింది జవాబు చదవండి.

కొత్త అత్తరు మెడకు రాసుకున్నాను. రెండు రోజులకు దద్దుర్లు, దురద. అత్తరు సహజమైనదే, రసాయనాలు లేవని కొట్టతను ఒట్టేశాడు. మరి ఎందుకిలా?
— ఓ పాఠకురాలు, వరంగల్

‘సహజం’ అన్న మాట విని మెడ అప్పగించకూడదమ్మా. దురదగుండాకు కూడా సహజమే. దాల్చినచెక్క నూనె, లవంగ నూనె, కొన్ని పూల నూనెలు చాలామందికి పడవు. సీసా పాతదైతే ఇంకా ప్రమాదం. నిమ్మజాతి నూనెల్లో, లావెండర్‌లో ఉండే పదార్థాలు గాలి తగిలి మారిపోయి కొత్తగా ఎలర్జీ తెస్తాయి. అందుకే మూత బిగించి, బీరువాలో చీకట్లో పెట్టుకోమనేది. గంధం, వట్టివేరు, పచ్చౌళీ లాంటివి ఏళ్లు గడిచేకొద్దీ కరుకుదనం పోయి ఇంకా బావుంటాయి, నిమ్మ, నారింజ అలా కాదు.

ముందు ఆ అత్తరు ఆపండి. దద్దుర్లు తగ్గకపోతే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి, సీసా వెంట పట్టుకెళ్లండి. ఇకముందు ఏ కొత్తదైనా మోచేతి మడతలో ఒక్క చుక్క రాసి 48 గంటలు చూడండి. మొదటిరోజు ఏమీ కనబడక రెండోరోజు లేచేవి చాలా ఉన్నాయి, మీకు జరిగింది కూడా అదే. పసిపిల్లలకు అసలే వద్దు.

నా సొంత ఘనకార్యం ఒకటి చెప్తాను. కొట్టులో చేరిన కొత్తలో బెర్గామోట్ నూనె వచ్చింది, అదొక నారింజజాతి కాయ తొక్కలోంచి తీసేది. చల్లగా, హాయిగా ఉందని మెడకు రెండు వైపులా ధారగా పూసుకుని, మే నెల ఎండలో గుల్జార్ హౌజ్ నుంచి నాంపల్లి దాకా సైకిలు మీద వెళ్లాను. మర్నాటికి మంట. వారానికి మెడ మీద నూనె జారిన దారిలోనే గోధుమరంగు చారలు, అచ్చం ఎవరో కుంచెతో గీసినట్టు. మా అమ్మ దిష్టి తీసింది. పెద్దసాబ్ చూసి నవ్వాడు, ‘ఎండకు పోయేవాడివి నారింజ ఎందుకు పూశావురా?’ అన్నాడు. ఆ నూనెలో బెర్గాప్టెన్ అనేది ఒకటుంటుందని, అది ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. చారలు పోవడానికి దీపావళి వచ్చింది.

అమ్మ హనుమకొండ నుంచి మట్టి అత్తరు పంపింది. మొన్న ఎండాకాలం అక్కడ రాసుకుంటే తొలకరి వాన పడ్డట్టే ఉంది. ఇక్కడ జనవరి చలిలో రాసుకుంటే ఏమీ రావడం లేదు. సీసా పాడైందా?
— ఓ పాఠకురాలు, న్యూజెర్సీ

సీసా పాడవలేదమ్మా, చలికి ముడుచుకుని కూర్చుంది. నూనె లేవాలంటే వేడి కావాలి. చేతుల మీద పైచర్మం మామూలుగా 32 నుంచి 34 డిగ్రీల దాకా ఉంటుంది, చలిలో ఇంకా పడిపోతుంది. దాని మీద కోటు, స్వెట్టరు కప్పేస్తే వాసన ఎటు పోతుంది? ఇంట్లో, హీటరు వేసుకున్న గదిలో, వేడినీళ్ల స్నానం తర్వాత రాసి చూడండి. కోటు కాలరు లోపల ఫాయా పెట్టుకున్నా సరే.

మట్టి అత్తరు మామూలుగానే గొంతు చిన్నది. కాల్చిన మట్టి బిళ్లలను డేగ్‌లో వేసి ఆవిరి పట్టి గంధంలోకి దించుతారు. ఆస్ట్రేలియాలో బేర్, థామస్ అని ఇద్దరు 1964లో ఈ తొలకరి వాసనకు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు, వాళ్ల వ్యాసంలో మన మట్టి అత్తరు ప్రస్తావన కూడా ఉంది. వాళ్లు పేరు పెట్టేనాటికే మనవాళ్లు దాన్ని సీసాలో పెట్టి తులాల లెక్కన అమ్ముతున్నారు. మొదటి పది నిమిషాలే మట్టి. తర్వాత నెమ్మదిగా గంధంలో కలిసిపోతుంది. ఆ పది నిమిషాల కోసమే దాన్ని కొంటారు, మీరు కూడా ఆ పది నిమిషాలు ఏ పనీ పెట్టుకోకండి.

కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు మళ్లీ తాజా అవుతుందట, మాల్‌లో గిన్నెలో పెడతారు. మీరేమంటారు?
— ఓ పాఠకుడు, విజయవాడ

కాఫీ తాగాలనిపిస్తుంది. అంతకు మించి మామూలు గాలి చేసే పని కన్నా అది ఎక్కువేం చెయ్యదు. మీ చొక్కా చేయి ముక్కుకు ఆనించి నాలుగుసార్లు ఊపిరి తీసుకోండి, చాలు.

మా తాతయ్య పోయి ఆరేళ్లయింది. ఆయన వాడిన అత్తరు సీసా ఖాళీది నా దగ్గరుంది. మూత తీస్తే ఇంకా కొంచెం వాసన వస్తోంది. సీసా మీద పేరు చెరిగిపోయింది. అదే అత్తరు మళ్లీ కొనాలని రెండు కొట్లకు వెళ్లి ఆ సీసా వాసన చూపించాను. వాళ్లిచ్చినవి సీసాతో సరిపోయాయి, తాతయ్యతో సరిపోలేదు. చలికాలం మాత్రమే రాసుకునేవారు. ధోవతి అంచు మీద నల్లటి మరకలు ఉండేవి.
— ఓ పాఠకురాలు, కరీంనగర్

ఈ ఉత్తరం మూడుసార్లు చదివానమ్మా. మీ చివరి రెండు వాక్యాలు లేకపోతే నా వల్ల అయ్యేది కాదు.

ఆరేళ్లు ఖాళీగా ఉన్న సీసాలో మిగిలేది అడుగు మాత్రమే. తేలికైనవన్నీ ఎప్పుడో వెళ్లిపోయాయి. నా ఖాతా పుస్తకంలో రాత్రి 9 గంటల దగ్గర రాసిన ఒక్క మాటే ఆ సీసాలో ఉంది. తాతగారు పొద్దున స్నానం చేసి అత్తరు రాసుకుని మిమ్మల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నప్పటి వాసన 10:25ది. కొట్లవాళ్లు మీరు చూపించినదానికి సరిపోయేది ఇచ్చారు, వాళ్ల తప్పు లేదు. ఒక్క అడుగును బట్టి పై అంతస్తులు ఎవరూ కట్టలేరు, గంధం అడుగు మీద గులాబీ ఉండొచ్చు, మొగలి ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు.

కానీ చలికాలం, నల్లటి మరక అన్నారు. వట్టివేరు, మట్టి, మల్లె వేసవికి రాసుకుంటారు. చలికి రాసుకునేవి ఒంట్లో వేడి పుట్టిస్తాయని పెద్దల నమ్మకం, వాటిలో శమామా, హీనా ముఖ్యమైనవి. శమామాలో జటామాంసి, జాజికాయ, యాలకులు, లవంగం లాంటి దినుసులు ఎన్నో పడతాయి. తయారుచేసే ప్రతి ఇంటికీ తమ పాళ్లు తమవి, పక్కింటికి చెప్పరు. రంగు చిక్కటి ముదురు, తెల్లబట్ట మీద పడితే ఉతుకుళ్లకు లొంగదు. నా ఊహ శమామా మీద ఉంది. హీనాకు రెండో చోటు.

మూడు నాలుగు కొట్లలో శమామా, హీనా రెండూ అడగండి, ఒక్కో చోటిది ఒక్కోలా ఉంటుంది. సీసాతో పోల్చకండి. చేతికి రాసుకుని పావుగంట ఆగి చూడండి. వీలైతే డిసెంబరులో, పొద్దున్నే. తాతగారికి పొగాకు అలవాటు ఉండేదా, తలకు ఏ నూనె రాసేవారు, ఏ సబ్బు వాడేవారు, అమ్మనో నానమ్మనో అడిగి రాయండి. మీకు గుర్తున్నదాంట్లో అవి కూడా కలిసి ఉంటాయి, ఏ కొట్టూ వాటిని సీసాలో పెట్టి ఇవ్వలేదు.

ఆ ధోవతి ఇంకా ఉంటే మరక ఉన్న అంచును గట్టి మూత ఉన్న గాజు సీసాలో పెట్టి ఉంచండి. గుడ్డ మీది నూనె, సీసా అడుగు కన్నా ఎక్కువ వాసన దాచుకుంటుంది. తడి ఇస్త్రీ ఆవిరి దూరం నుంచి ఒక్కసారి చూపించి వాసన చూడండి, ఇస్త్రీ పెట్టె ఆనించొద్దు. ఏం తగిలిందో వెంటనే కాగితం మీద రాసి నాకు పంపండి. ఖాళీ సీసాను మాత్రం సబ్బుతో కడగకండి.